యూనిక్స్ ఇంట సామాను

యూనిక్స్ అనే మాట వినగానే, ఇది మన కోసం కాదు, కంప్యూటరు పనివారి కోసమని మీలో కొందరు రేడియో కట్టివేయవచ్చును. ఒక్క నిమిషం ఆగవలెనని మనవి. కంప్యూటరులోని యంత్రభాగాలకూ, మనం వాడుకొనే ప్రోగ్రాములకూ నడుమ నిలిచి, ఎవరికి ఎంత చోటు, ఎవరి వస్తువు ఎక్కడ అని చూచుకొనే ఇంటి పెత్తనందారు వంటి వ్యవస్థ ఒకటి ఉంటుంది. అటువంటి పెత్తనందారులలో యూనిక్స్ పేరు పొందినది. మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోను లోపల పనిచేసే లినక్స్ దాని అడుగుజాడలలో వ్రాసినదే. ఆపిల్ వారి మాక్ కంప్యూటర్లలోని వ్యవస్థ యూనిక్స్ అనే పేరు పెట్టుకొనటానికి ధ్రువపత్రమే సంపాదించినది. మేము రికార్డింగులు దాచుకొనే యంత్రం కూడ లినక్స్ మీదనే నడుస్తున్నది.

నేను ఇంజనీరును కాను. విశ్వవిద్యాలయంలో తెలుగు చదువుకొని మైకు ముందు కూర్చున్నవాడిని. ఈ సంగతులు నేను సరదాకు నేర్చుకొన్నవి కావు. ఒక రాత్రి నా చేతిమీదుగా జరిగిన నష్టం నేర్పినవి. ఆ రాత్రి సంగతితోనే మొదలుపెడతాను.

రెండేళ్ళ క్రితం, ఉగాదికి ముందు రోజు. కవిసమ్మేళనం రికార్డింగు సాగుతూ సాగుతూ మధ్యలో ఆగిపోయినది. పరికరంలో చోటు మిగలలేదని తెర మీద ఒకే ఒక్క వాక్యం కనిపించినది. మేము వాడే నాణ్యతలో ఒక గంట రికార్డింగుకు సుమారు 690 మెగాబైట్ల చోటు కావలెను. స్టూడియోలో ఎనిమిదిమంది కవులు కూర్చుని ఉన్నారు. యంత్రం బాగోగులు చూచే ఇంజనీరు పండుగకు ఊరికి పోయినాడు. ఫోనులో దొరికినాడు.

“సార్, ఆ డైరెక్టరీలో ‘పాత’ అని మొదలయ్యే ఫైళ్ళు ఉన్నాయి, అవి తీసెయ్యండి. ఆర్‌ఎం అని కొట్టి, ‘పాత’ అని టైపు చేసి, దాని పక్కనే నక్షత్రం గుర్తు పెట్టండి,” అన్నాడు.

నేను అట్లే చేసినాను. కాని ‘పాత’ అనే మాటకూ నక్షత్రం గుర్తుకూ మధ్య ఒక ఖాళీ విడిచినాను. తెలుగు వ్రాసే చేతికి మాటకూ గుర్తుకూ నడుమ కాస్త ఎడం ఉంచటం అలవాటు. ఆ ఎడంతో ఆజ్ఞ అర్థమే మారిపోయినది. మాటకు అంటుకొని ఉంటే అది “పాత అని మొదలయ్యేవన్నీ తీసివేయుము” అని. విడిగా ఉంటే, “పాత అనే ఫైలు ఒకటి, ఆపైన ఇక్కడ ఉన్న సమస్తం తీసివేయుము” అని. యంత్రం, ‘పాత’ అనే పేరుగల ఫైలు లేదని ఒక్క ఫిర్యాదు మాత్రం చేసినది. తక్కిన సమస్తాన్నీ మారు మాట లేకుండా తీసివేసినది.

ఆ డైరెక్టరీలో ఒక పెద్ద ముత్తైదువ పాడిన పదకొండు పాటలు ఉండేవి. మంగళహారతులు, అప్పగింతల పాటలు, ఒక లాలి పాట. ఆవిడ వాటిని తన అత్తగారి వద్ద నేర్చుకొన్నారు. అంతకు ముందు ఏడే ఆవిడ కాలం చేసినారు. అవి పోయినట్లు ఆ రాత్రి నాకు తెలియనే లేదు. ఎందుకనగా, ఇంత తీసివేసినా యంత్రం మళ్ళీ చోటు లేదనే అన్నది. నా దృష్టి అంతా దాని మీదనే ఉన్నది. ఇంజనీరు అవతలి నుండి, “అయితే మిషను ఒకసారి ఆపి మళ్ళీ పెట్టండి సార్,” అన్నాడు. ఆపి పెట్టినాము. కావలసినంత చోటు వచ్చినది. కవులు తిరిగి ఎత్తుకొన్నారు. అందరం సంతోషంగా ఇళ్ళకు పోయినాము.

తీసివేసినా చోటు ఎందుకు రాలేదు? ఆపి పెట్టగానే ఎక్కడి నుండి వచ్చినది? ఈ రెండు ప్రశ్నలకు జవాబు తెలియాలంటే యూనిక్స్ పుట్టిన ఇంటికి పోవలసి ఉంటుంది.

అది అమెరికాలో, న్యూజెర్సీ రాష్ట్రంలోని మర్రీ హిల్ అనే చోట ఉన్న బెల్ ప్రయోగశాల. 1969లో ఆ సంస్థ మల్టిక్స్ అనే పెద్ద పథకం నుండి తప్పుకొన్నది. ఆ పథకంలో పనిచేసిన కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ మొదలైనవారు పెద్దగా వాడకంలో లేని పిడిపి-7 అనే చిన్న యంత్రం మీద తమకు కావలసిన వ్యవస్థను తామే కట్టుకొన్నారు. దాని జ్ఞాపకశక్తి 18 బిట్ల మాటలు ఎనిమిది వేల చిల్లర. మన నేటి లెక్కలో 18 కిలోబైట్లు. నేను చదువుతున్న ఈ ప్రసంగ పాఠాన్ని తెలుగులో దాచటానికే అంతకు రెట్టింపుకు మించిన చోటు పడుతుంది.

వారి ముందు తెర లేదు. టెలిటైపు అనే ముద్రణయంత్రం ఉండేది. అందులో బాగా వాడుకలో ఉన్న 33వ మోడలు సెకనుకు పది అక్షరాలు కొట్టేది, అదీ చెవులు గింగురుమనేట్లు. మీటలు నొక్కటానికి వేలికి బలం కావలెను. కాబట్టి ఆజ్ఞల పేర్లు రెండేసి అక్షరాలకు కుదించుకొన్నారు. జాబితా చూపించటానికి ఎల్ఎస్, నకలు తీయటానికి సిపి, చోటు మార్చటానికి ఎంవి, తీసివేయటానికి ఆర్‌ఎం. పని సవ్యంగా జరిగితే యంత్రం ఏమీ పలకదు. సెకనుకు పది అక్షరాల యంత్రం ప్రతి పనికీ “చిత్తం, అయినది” అని కొట్టుకొంటూ కూర్చుంటే పొద్దు గడిచేది ఎట్లు?

చోటు చిక్కు కూడ పుట్టుకతోనే ఉన్నది. ఈ వ్యవస్థలో ‘యుఎస్ఆర్’ అనే డైరెక్టరీ ఉంటుంది. అది మొదట వాడుకదారుల సొంత సామాను పెట్టుకొనే చోటు, రెండవ డిస్కు మీద ఉండేది. మొదటి డిస్కు నిండిపోగా, అందులో పట్టని ప్రోగ్రాములను తెచ్చి వాడుకదారుల డిస్కు మీద సర్దినారు. వంటింట్లో పట్టని గంగాళాన్ని పడకగదిలో పెట్టినట్లు. ఆ తరువాత డిస్కులు వేల రెట్లు పెరిగినా గంగాళం పడకగదిలోనే ఉండిపోయినది. కొత్తగా వచ్చినవారికి, ప్రోగ్రాములు రెండు చోట్ల ఎందుకున్నవో చెప్పటానికి పెద్దలు ఏవేవో తాత్త్విక కారణాలు కల్పించినారు. 2012లో ఫెడోరా అనే లినక్స్ పంపిణీవారు ఆ రెండు చోట్లనూ ఒకటిగా కలిపివేసినారు. తరువాత మరి కొందరు ఆ దారినే నడిచినారు.

ఈ క్లుప్తతను అందరూ మెచ్చుకోలేదు. 1981లో డొనాల్డ్ నార్మన్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు డేటామేషన్ అనే పత్రికలో యూనిక్స్ మీద ఘాటుగా ఒక వ్యాసం వ్రాసినాడు. వ్యవస్థ లోపలి నిర్మాణం చక్కనిదే, కాని మనిషితో వ్యవహరించే తీరు ఘోరమని ఆయన వాదం. ఆజ్ఞల పేర్లకూ వాటి పనికీ పొంతన లేదన్నాడు. ఆ మౌనాన్ని కూడ తప్పుపట్టినాడు. నా అనుభవం కొద్దీ నేను ఆ ఆచార్యుని పక్షమే. చెవిని హోరెత్తించే టెలిటైపు పోయి ఎన్నో ఏళ్ళయినది. దాని కోసం పాటించిన మౌనం మాత్రం నిలిచిపోయినది.

ఇక అసలు సంగతికి వస్తాను. మనం కంప్యూటరులో దాచిన వస్తువుకు ఫైలు అని పేరు. ఫైలు మీద దాని పేరు వ్రాసి ఉంటుందని మనం అనుకొంటాము, డబ్బా మీద ‘కందిపప్పు’ అని వ్రాసినట్లు. యూనిక్స్‌లో అట్లు కాదు. వస్తువు ఒక చోట, పేరు మరొక చోట ఉంటాయి. ప్రతి వస్తువుకూ ఐనోడు అనే ఒక చిన్న పత్రం ఉంటుంది. వస్తువు ఎవరిది, ఎంత పొడవు, ఎప్పుడు మార్చినారు, డిస్కు మీద ఏయే గళ్ళలో ఉన్నది, ఇవన్నీ అందులో ఉంటాయి. పేరు మాత్రం ఉండదు. పేరు ఉండేది డైరెక్టరీలో. డైరెక్టరీ అంటే వట్టి జాబితా, ‘ఫలానా పేరు, ఫలానా అంకె గల పత్రం’ అని. 1970ల నాటి యూనిక్స్‌లో ఆ జాబితాలోని ఒక్కొక్క వరుస 16 బైట్లు. అంకెకు రెండు, పేరుకు పద్నాలుగు.

గ్రంథాలయంలోని సూచికను ఊహించుకోండి. పుస్తకాలు బీరువాలలో వరుస అంకెలతో ఉంటాయి. పేర్లు ముందు బల్ల మీది చీటీలలో ఉంటాయి. ఒకే పుస్తకానికి రెండు చీటీలు ఉండవచ్చును. మన ఇళ్ళలో ఒకే పిల్లకు ఇంట్లో ‘బుజ్జి’ అనీ, బడిలో ‘వరలక్ష్మి’ అనీ ఉన్నట్లు. ఇందులో ఒకటి అసలు, ఒకటి మారు అనే భేదం లేదు, రెండూ సమానమే. తనను ఎన్ని పేర్లతో పిలుస్తున్నారో ఐనోడు ఒక లెక్క ఉంచుకొంటుంది. ఆర్‌ఎం అనే ఆజ్ఞ చేసేది, నిజానికి, ఒక చీటీని చించటం మాత్రమే. చించినపుడు లెక్కలో ఒకటి తగ్గుతుంది. లెక్క సున్నకు వచ్చినపుడు మాత్రమే పుస్తకాన్ని బీరువా నుండి తీసివేయటానికి వీలవుతుంది.

అప్పుడు కూడ వెంటనే కాదు. ఎవరో ఒకాయన ఆ పుస్తకాన్ని ముందే తెరచి చదువుకొంటూ ఉన్నాడనుకోండి. చీటీలన్నీ చించినా ఆయన చేతిలోని పుస్తకాన్ని లాగుకోరు. ఆయన చదవటం ముగించి లేచేదాకా అది ఉంటుంది, చోటూ ఆక్రమిస్తుంది. సూచికలో వెతికేవారికి మాత్రం కనబడదు. యూనిక్స్ పాటించే మర్యాద ఇది. ఒక ప్రోగ్రాము తెరచి ఉంచిన ఫైలు, పేరు పోయినా, ఆ ప్రోగ్రాము ముగిసేదాకా బ్రతికే ఉంటుంది.

మా యంత్రంలో జరిగినది ఇదే. ఒక ప్రోగ్రాము ఏదో పొరపాటున తన దినచర్యను అదే పనిగా పుటలు పుటలుగా వ్రాసుకొంటూ పోయినది. ఇంజనీరు ఊరికి పోయే ముందు ఆ దినచర్య ఫైలును చూచి, దాని పేరు చెరిపి, చోటు వచ్చినదనుకొని బయలుదేరినాడు. ప్రోగ్రాము మాత్రం ఆ ఫైలును చేతిలో పట్టుకొనే ఉన్నది, వ్రాస్తూనే ఉన్నది. యంత్రాన్ని ఆపినపుడు చేయి వదిలినది. అప్పుడు చోటు ఊడిపడినది.

ఇటువంటి చిక్కును కనిపెట్టటానికి రెండు పాత ఆజ్ఞలు ఉన్నవి. రెండూ 1971 నాటి మొదటి యూనిక్స్ కరదీపికలోనే ఉన్నవి. డిఎఫ్ అనేది డిస్కునే సూటిగా అడుగుతుంది, “నీలో ఖాళీ ఎంత?” అని. డియు అనేది ఇల్లంతా తిరిగి, పేరున్న ప్రతి వస్తువునూ చూచి మొత్తం కడుతుంది. ఈ రెండు లెక్కలూ బాగా తేడా వస్తే, పేరు లేని వస్తువు ఏదో చోటు తింటున్నదేమోనని అనుమానించవలెను. తెరచి ఉన్న ఫైళ్ళను చూపే ఎల్ఎస్ఓఎఫ్ అనే పనిముట్టు దానిని పట్టి ఇస్తుంది. అప్పుడు ఆ ఒక్క ప్రోగ్రామును ఆపితే చాలును. యంత్రాన్నంతా ఆపనక్కరలేదు. ఈ చివరి మాట మీరు గుర్తుంచుకోండి, దానితో నాకు పని ఉన్నది.

నేను అన్ని ఫైళ్ళు పోగొట్టినా చోటు లేదనటానికి మరొక కారణం ఉన్నది. లినక్స్‌లో సర్వసాధారణమైన ఈఎక్స్‌టి4 అనే పద్ధతిలో డిస్కు మీద నూటికి ఐదు పాళ్ళ చోటును సర్వాధికారి కోసం విడిగా ఉంచుతారు. మార్చమని చెబితే తప్ప అదే నియమం. ఈ ఆచారం 1983 నాటి బర్కిలీ యూనిక్స్ నుండి వస్తున్నది. అక్కడ నూటికి పది పాళ్ళు ఉంచేవారు. డిస్కు పూర్తిగా నిండితే ఒకే ఫైలు ముక్కలు ముక్కలై నలుమూలల పడి పని మందగిస్తుంది, అందుకని. ఆ దినచర్య వ్రాసిన ప్రోగ్రాము సర్వాధికారి హోదాలో నడిచేది. అది ఆ దాపరికపు చోటులోకి కూడ చొరబడినది. నేను తీసినదంతా ఆ గుంతను పూడ్చటానికే చాలలేదు.

చోటు ఉన్నా చోటు లేదనే సందర్భం మరొకటి ఉన్నది. పెళ్ళి భోజనంలో గంగాళాలలో అన్నం నిండుగా ఉండి, విస్తళ్ళు అయిపోయినవనుకోండి. వడ్డన ఆగిపోవలసినదే గదా. ఐనోడు పత్రాలు ఆ విస్తళ్ళ వంటివి. ఈఎక్స్‌టి4 పద్ధతిలో డిస్కును సిద్ధం చేసేటప్పుడే, సాధారణంగా ప్రతి 16 కిలోబైట్లకు ఒక పత్రం చొప్పున ముద్రించి ఉంచుతారు. ఎవరైనా లక్షల కొద్దీ చీటీముక్కల వంటి చిన్న ఫైళ్ళు పెడితే పత్రాలు ముందుగా అయిపోతాయి. యంత్రం అప్పుడు కూడ చోటు లేదనే అదే మాట చెబుతుంది. డిఎఫ్‌ను పత్రాల లెక్క చెప్పమని వేరుగా అడిగితే గాని తెలియదు. రెండు వేర్వేరు జబ్బులకు ఒకే మాటతో మూలిగే రోగి వంటిదన్న మాట.

మరి ఆర్‌ఎం ఒక్క మాటయినా అడగదేమి? ఇక్కడ ఒక చిత్రం ఉన్నది. నక్షత్రం గుర్తును ఆర్‌ఎం చూడనే చూడదు. మనకూ వ్యవస్థకూ మధ్య షెల్ అనే దుబాసీ ఉంటాడు. అతడే నక్షత్రాన్ని విప్పి, అక్కడున్న పేర్లన్నీ వరుసగా వ్రాసి ఆర్‌ఎం చేతికి ఇస్తాడు. ‘పాత’ తరువాత మనం నక్షత్రం పెట్టినామో, ఆ పేర్లన్నీ ఒక్కొక్కటిగా ఓపికతో టైపు చేసినామో ఆర్‌ఎంకు తెలియదు. ప్రతి ఫైలుకూ ముందుగా అడగమని చెప్పే మార్గం ఉన్నది. కొందరు దానిని నిత్యమూ తగిలించి ఉంచుతారు. కాని ప్రతిసారీ అడిగే ప్రశ్నకు మనిషి చదవకుండానే ‘అవును’ అని కొట్టటం నేర్చుకొంటాడు. అది రక్షణ కాదు, తంతు. ఫోనులలో తొలగించిన ఫోటోలు కొన్నాళ్ళు ఒక అటక మీద ఉంటాయి గదా, అది ఆ ఫోటోల ప్రోగ్రాము చేసిన ఏర్పాటు. ఆర్‌ఎంకు అటక లేదు.

నాకు తోడు పెద్దవారే ఉన్నారని కొంత ఊరట. 1998లో పిక్సార్ అనే చలనచిత్ర సంస్థలో టాయ్ స్టోరీ రెండవ భాగం తయారవుతుండగా, ఎవరో ఆ చిత్రం ఫైళ్ళున్న చోట ఇటువంటి ఆజ్ఞే నడిపినారు. బొమ్మలు ఒక్కొక్కటే మాయమవటం చూస్తూ ఉండగానే చాలా భాగం పోయినది. తిరిగి తెచ్చుకోవటానికి ఉంచిన ప్రతులు చూస్తే అవి కొంత కాలంగా సరిగా తీయబడలేదని తేలినది. గాలిన్ సుస్మాన్ అనే సాంకేతిక పర్యవేక్షకురాలు అప్పుడే బిడ్డను కని, ఇంటి నుండి పనిచేస్తున్నారు. ఆమె ఇంటి కంప్యూటరులో చిత్రం ప్రతి ఒకటి ఉన్నది. దానిని దుప్పట్లలో చుట్టి, పసిబిడ్డను తెచ్చినంత జాగ్రత్తగా కారులో తెచ్చుకొన్నారు. ఆ చిత్రం కథ బాగోలేదని తరువాత చాలావరకు మళ్ళీ తీసినారు, అది వేరే సంగతి.

మాకు అటువంటి ఇల్లాలు లేదు. డిస్కుకు జంటగా మరొక డిస్కు ఉన్నదని, ఒకటి పోయినా రెండవది ఉంటుందని మేము ధైర్యంగా ఉన్నాము. కాని జంట డిస్కు అద్దం వంటిది. ఇటు చెరిపితే అటు కూడ అదే క్షణంలో చెరుగుతుంది. డిస్కు చెడిపోతే అది ఆదుకొంటుంది. మనిషి చేతి పొరపాటుకు మాత్రం అది దిక్కు కాదు.

మరునాడు ఉగాది పచ్చడి తిని ఆఫీసుకు వచ్చినాను. పక్క గదిలో ప్రోగ్రాములు కూర్చే సహోద్యోగిని నా వద్దకు వచ్చి, “ఏమండీ, అమ్మమ్మగారి పాటలు కనబడటం లేదు. నిన్న రాత్రి మీరు మిషను ఆపేదాకా లాలి పాట నా తెర మీద తెరిచే ఉంది, వింటూనే ఉన్నాను,” అన్నది. అప్పుడు గాని నాకు తెలియలేదు. ఇంజనీరుకు ఫోను చేస్తే ఆ కుర్రవాడు చాలసేపు మాట్లాడలేదు. ఆమె గదిలోని తెర అదే యంత్రానికి తగిలించినది. నేను పేరు చెరిపిన తరువాత కూడ ఆ లాలి పాట, తెరచి ఉన్న పుస్తకం వలె, చెక్కుచెదరకుండా ఉన్నది. లినక్స్‌లో ‘ప్రోక్’ అనే చోట, నడుస్తున్న ప్రతి ప్రోగ్రాము చేతిలో ఏమున్నదో చూచి, పేరు పోయిన ఫైలును కూడ నకలు తీసుకోవచ్చును. ఒక్క ఆజ్ఞ పని. మేము ఆ ఒక్క ప్రోగ్రామును ఆపక, యంత్రాన్నంతా ఆపినాము. కవిసమ్మేళనానికి చోటు ఇచ్చిన ఆ చర్యే లాలి పాటను తీసుకుపోయినది. ఈఎక్స్‌టి4 పద్ధతిలో ఫైలు చివరిగా పోయేటప్పుడు అది ఏ గళ్ళలో ఉన్నదో చెప్పే గుర్తులు కూడ తుడిచివేయబడతాయి. కాబట్టి వెతికించి లాభం లేకపోయినది.

పోయినవి ఏమేమిటో జాబితా కట్టటానికి కూర్చున్నపుడు మరొక సంగతి బయటపడినది. అది మన భాషకు సంబంధించినది. మేము ఫైళ్ళకు తెలుగులో పేర్లు పెడతాము. 1970ల యూనిక్స్‌లో పేరుకు 14 బైట్లని చెప్పినాను. తెలుగు గుర్తు ఒక్కొక్కటి నేడు మూడేసి బైట్లు తీసుకొంటుంది. ‘శ్రీ’ అనే ఒక్క అక్షరంలో నాలుగు గుర్తులు ఉన్నవి: శకారం, పొల్లు, రేఫం, దీర్ఘపు గుడి. అంటే 12 బైట్లు. ఆనాటి యూనిక్స్‌లో శ్రీకారం చుట్టేసరికే పేరు ముగిసేది! బర్కిలీవారు 1983లో పేరు నిడివిని 255కు పెంచినారు. ఈనాటి లినక్స్‌లోనూ అంతే. మన తెలుగుకు అది 85 గుర్తులు. పాట పల్లవి, పాడినవారి పేరు, ఊరు, తేదీ అన్నీ ఒకే పేరులో ఇమడ్చబోతే, పేరు మరీ పొడుగైనదని యంత్రం త్రోసిపుచ్చుతుంది. ఇంగ్లీషులో వ్రాసేవారికి ఆ మాట వినే అవసరం అరుదు.

అయినను తెలుగు పేరు చెల్లటమే ఒక విశేషం. యూనిక్స్ పేర్లలో రెండే రెండు గుర్తులు నిషిద్ధం. డైరెక్టరీలను వేరుచేసే ఏటవాలు గీత ఒకటి, సున్న విలువగల బైటు ఒకటి. 1992 సెప్టెంబరులో, అదే కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనే సహచరునితో న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కూర్చుని, పళ్ళెం కింద వేసే కాగితం మీద యుటిఎఫ్-8 అనే లిపి సంకేత పద్ధతికి రూపం గీసినాడు. ప్రపంచ లిపులలోని ఏ అక్షరంలోనూ ఆ రెండు నిషిద్ధ బైట్లు పొరపాటున దూరకుండా అందులో ఏర్పాటు ఉన్నది. అందువలన పాత యూనిక్స్ ఇంటి గోడలు పగులగొట్టకుండానే తెలుగు లోపలికి రాగలిగినది.

వచ్చిన తరువాత చిన్న చిక్కులు లేకపోలేదు. ‘తైలం’ అనే మాటలోని ఐత్వాన్ని రెండు విధాల వ్రాయవచ్చును. ఒకే గుర్తుగా ఒక విధం, ఎత్వమూ దాని కింది కొసా కలిపి రెండు గుర్తులుగా మరొక విధం. కంటికి రెండూ ఒకటే. లినక్స్ మాత్రం సాధారణంగా బైట్లనే పోల్చి చూస్తుంది, కాబట్టి అవి రెండు వేర్వేరు ఫైళ్ళు. అట్లే ‘సెప్టెంబర్’ వంటి పొల్లుతో ముగిసే మాట చివర, కంటికి కనబడని విడదీత గుర్తు కొన్ని కీబోర్డులలో చేరుతూ ఉంటుంది. జాబితాలో ఒకే పేరు రెండుసార్లు చూచి, యంత్రానికి మతి పోయినదనుకొన్నాము. మతి పోయినది మాకే. ఇప్పుడు మేము ఫైలు పేర్లను తేదీ అంకెలతోనూ, పొట్టి మాటలతోనూ, మధ్య ఖాళీ లేకుండా పెట్టుకొంటున్నాము. పూర్తి వివరం వేరే ఒక పట్టికలో వ్రాస్తున్నాము.

ఆ జాబితా కడుతుండగానే ‘ఈ వారం’ అనే డైరెక్టరీ తెరిచినాను. ప్రసారం కావలసినవాటిని అందులో పెట్టటం మా అలవాటు. చోటు ఆదా కోసం నకలు తీయక, ఉన్న ఫైలుకే రెండవ పేరు కట్టటం ఆ ఇంజనీరు చేసిన ఏర్పాటు. ఎల్ఎస్‌ను వివరంగా చూపమని అడిగితే, ప్రతి ఫైలు పక్కనా దానికి ఎన్ని పేర్లున్నవో అంకె కనబడుతుంది. అక్కడ మూడు పాటలు ఉన్నవి. రెండు మంగళహారతులు, ఒక అప్పగింతల పాట. అంతకు ముందు వాటి పక్కన రెండు అనే అంకె ఉండవలసినది. ఇప్పుడు ఒకటి అని ఉన్నది.

ఆ మూడింటికీ ఆ రోజే నిజమైన నకళ్ళు తీసినాము. ఒకటి వేరే యంత్రంలో, ఒకటి వేరే భవనంలో ఉన్నవి. మూడవది ఆవిడ మనుమరాలికి ఇచ్చినాము. నేను చేసిన పొరపాటు ఆమెకు దాచకుండా చెప్పినాను. లాలి పాట సంగతి అడిగితే, “నాకు వచ్చినంత పాడతాను, రెండు చరణాలు గుర్తు లేవు,” అన్నది. స్టూడియోలో కూర్చుని పాడినది. గుర్తు లేని చోట ఆగి, దగ్గి, తరువాతి చరణం ఎత్తుకొన్నది. ఆ ఆగిన చోటును మేము కత్తిరించలేదు. రికార్డింగు నాలుగు నిమిషాల చిల్లర, సుమారు 50 మెగాబైట్లు.